గుండె ధమనుల్లో పూడికలు, రక్తపరీక్షలు, మధ్యలో ఒక భీమవరం వైద్యుడు

ఈమధ్య ముద్దనూరులో నన్ను కలవడానికి వచ్చేవారి చేతుల్లో మందుచీటీల కన్నా పరీక్షల కాగితాలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. ప్రొద్దుటూరులోనో కడపలోనో ‘ఫుల్ బాడీ ప్యాకేజీ’ చేయించుకొని, అరవై డెబ్బై వరుసల అంకెలతో వస్తారు. అడిగే ప్రశ్న మాత్రం దాదాపు ఒక్కటే: “సార్, రక్తంలో అన్నీ నార్మల్ అని రాశారు. అంటే గుండె రక్తనాళాల్లో పూడిక లేనట్టే కదా?” దీనికి అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పడం కుదరదు. ఎందుకు కుదరదో తెలియాలంటే రక్తపరీక్షలు ఎక్కడ పుట్టాయో, గుండె ధమనిలోని పూడికను గురించి వైద్యులు ఏయే కాలాల్లో ఏమేమి అనుకున్నారో కొంత చరిత్ర తెలుసుకోవాలి. ఆ చరిత్రలో మూడు చోట్ల మన తెలుగువాడొకరు ఎదురవుతారు. ఆయనను ఆరియోమైసిన్ మందు పేరుతో గుర్తుంచుకున్నవారు ఉన్నారు గానీ, గుండెజబ్బుల కథలో ఆయనకున్న చోటు వైద్యులలో కూడా చాలామంది గమనించరు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. రాజమహేంద్రవరంలో చదువు, మద్రాసులో మెట్రిక్యులేషన్, అదీ మూడో ప్రయత్నంలో. తర్వాత ప్రెసిడెన్సీ కళాశాల, ఆపైన మద్రాసు వైద్య కళాశాల. గాంధీజీ పిలుపు విని ఖద్దరు తొడుక్కొని తరగతికి వెళ్లడం శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదనీ, అందుకే ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్ అనే తక్కువ స్థాయి పట్టాతో బయటికి రావలసివచ్చిందనీ ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. స్ప్రూ అనే పేగువ్యాధి తోబుట్టువును బలిగొన్నది. ఆయనను కూడా మంచాన పడవేసింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొని, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పి, 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. ఆస్పత్రిలో చిల్లర పనులు చేస్తూ ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా ముగించి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్ అనే జీవరసాయన శాస్త్రవేత్త వద్ద చేరారు.

ఆ విభాగానికి అధిపతి ఒటో ఫోలిన్. మా తరం ప్రయోగశాల సిబ్బందికి ‘ఫోలిన్-వూ’ పేరు చెబితే చాలు, రక్తంలో చక్కెర చూసే పాత పద్ధతి గుర్తుకు వస్తుంది. ఆ ఫోలినే ఈయన. గ్లాసుల కొద్దీ రక్తం తీయకుండా, కొన్ని చుక్కల్లో ఏ పదార్థం ఎంత ఉన్నదో రంగు తీవ్రతను బట్టి కొలిచే విద్య ఆ కాలంలో అక్కడ రూపు దిద్దుకున్నది. ఫిస్క్, సుబ్బారావులకు వచ్చిన పని ఫాస్ఫరస్. రక్తద్రవం నుండి ముందుగా మాంసకృత్తులను విరిచి వడగట్టాలి. మిగిలిన తేట ద్రవంలో ఆమ్లయుక్త మాలిబ్డేట్ కలిపితే అది ఫాస్ఫరస్‌తో కూడుకొంటుంది. దానికి మరొక రసాయనం చేర్చితే నీలిరంగు తేలుతుంది. ఎంత ముదురు నీలమో అంత ఫాస్ఫరస్. 1925లో ప్రచురితమైన ఈ ‘ఫిస్క్-సుబ్బారావు పద్ధతి’ ప్రపంచంలోని ప్రతి వైద్య విద్యార్థీ కంఠస్థం చేసినదే. ఆ పేరులోని రెండో సగం మనదని చాలా తరగతుల్లో ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, ఎందుకంటే మన కథ మలుపు తిరిగేది దాని మీదనే. కండరం నుండి తీసిన ద్రవాన్ని ఇదే పద్ధతిలో పరీక్షించినపుడు నీలిరంగు వెంటనే రాలేదు, మెల్లమెల్లగా వచ్చింది. మరొకరైతే గాజుగొట్టం సరిగా కడగలేదని సరిపెట్టుకొనేవారేమో. వీరిద్దరూ ఆ ఆలస్యం వెంట పడ్డారు. కండరంలో ఒక బలహీనమైన బంధంతో ఉన్న ఫాస్ఫరస్ పదార్థమేదో ఉన్నదనీ, అది పరీక్ష జరుగుతుండగానే విడిపోతున్నదనీ గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఆ సంగతి ప్రకటించారు. అదే కాలంలో లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా ఇదే పదార్థం దాపుకు చేరుకున్నారు. కండరం పని చేయడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుండి వస్తుందని అప్పటిదాకా పాఠ్యపుస్తకాల్లో ఉండేది; ఆ పాఠం తిరగరాయవలసివచ్చింది. రెండేళ్లకు ఏటీపీ. మన కండరాలకు, గుండెకు కూడా, శక్తి నాణెం లాంటిది అదే. ఫాస్ఫోక్రియాటిన్ ఆ నాణేలను దాచిపెట్టిన హుండీ.

ఆ హుండీ తెరిచే తాళంచెవి ఒక ఎంజైమ్. పేరు క్రియాటిన్ కైనేజ్. అది కండర కణాల లోపల ఉండవలసినది, రక్తంలో పెద్దగా కనబడకూడదు. గుండెలో కొంత భాగానికి రక్తం అందక కణాలు చచ్చిపోతే వాటి గోడలు పగిలి ఈ ఎంజైమ్ రక్తంలోకి కారుతుంది. ఈ గమనింపు 1960లో ఫ్రాన్సు వైద్యులది. తర్వాతి దశకంలో గుండె కండరంలో ఎక్కువగా ఉండే ‘ఎంబీ’ రకాన్ని విడిగా కొలవడం వచ్చింది. ‘సీకే-ఎంబీ’ అని రాసిన కాగితం మీ ఇంట్లో ఎవరికైనా వచ్చి ఉంటే, దాని వెనుక 1927లో ఆలస్యంగా తేలిన ఆ నీలిరంగు ఉన్నదని తెలుసుకోండి. సుబ్బారావు గారు ఈ చరిత్రలో ఎదురయ్యే మొదటి చోటు ఇది.

నిజానికి గుండెపోటుకు మొదటి రక్తసూచిక సీకే కూడా కాదు. 1954లో న్యూయార్క్ వైద్యులు లాడ్యూ, రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ కనుగొన్న ఎస్‌జీఓటీ. ఇవాళ ఆ పేరు వింటే అందరూ కాలేయాన్నే తలచుకొంటారు. నేను 1970ల చివర సర్కారు నౌకరీలో చేరేనాటికి జిల్లా ఆస్పత్రిలో గుండెపోటును నిర్ధారించడానికి ఈసీజీ యంత్రం ఒకటి, ఎస్‌జీఓటీ ఒకటి, వైద్యుని అనుభవం ఒకటి, ఇంతే. పొద్దున పంపిన రక్తానికి ఫలితం మరునాడు వచ్చేది. ఆ కాగితం వచ్చేసరికి రోగి లేచి కూర్చొని గంజి తాగుతూనైనా ఉండేవాడు, లేక దాని అవసరమే లేకుండానైనా పోయేవాడు. 1980ల చివర ట్రోపోనిన్ వచ్చింది. గుండె కండర తంతువుల్లోనే ఉండే ఈ మాంసకృత్తి కాలేయం చెడినా, పిక్క కండరం నలిగినా పెరగదు. అందుకే పాత సూచికలన్నీ క్రమంగా పక్కకు తప్పుకొన్నాయి.

గమనించండి. ఎస్‌జీఓటీ, సీకే-ఎంబీ, ట్రోపోనిన్, ఈ మూడూ చెప్పేది కండరం చచ్చిన వార్త. దొంగతనం జరిగిన తర్వాత ఠాణాకు వచ్చే ఫిర్యాదులాంటివి. దొంగ ఏ గోడలో కన్నం వేశాడో, ఆ గోడ ఎన్నాళ్లుగా బలహీనపడి ఉన్నదో అవి చెప్పవు. ఆ గోడ సంగతికి ఇప్పుడు వద్దాం.

ధమనిలో పూడిక అంటే చాలామంది మనసులో మెదిలే బొమ్మ తుప్పు పట్టిన నీళ్ల గొట్టం. వైద్యులు కూడా చాలాకాలం ఇలాగే అనుకున్నారు. 1910లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త విండాస్ గట్టిపడిన ధమనుల్లో కొలెస్టరాల్ మామూలు కన్నా ఎన్నోరెట్లు ఉన్నదని చూపాడు. 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్టరాల్‌ను సన్‌ఫ్లవర్ నూనెలో కలిపి తినిపించి వాటి ధమనుల్లో పూడికలు పుట్టించాడు. ఉత్త నూనె మాత్రమే తిన్న కుందేళ్లకు అవి రాలేదన్నది కూడా అందులోని సంగతే. నూనెల గురించి వాదులాడుకునేవారు ఆ రెండో సగాన్ని చెప్పడం మరచిపోతుంటారు. ఆ పూడిక పెరిగి పెరిగి ఒకనాడు గొట్టం పూర్తిగా మూసుకుపోతుంది, అదే గుండెపోటు అని లెక్క.

ఈ లెక్క తప్పని తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. 1980లో అమెరికాలో డీవుడ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు గుండెపోటు వచ్చిన తొలి గంటల్లోనే రోగులకు యాంజియోగ్రాం చేసి, ధమనిని మూసినది అప్పటికప్పుడు కట్టిన రక్తపు గడ్డ అని చూపారు. మరి గడ్డ ఎందుకు కట్టింది? లండన్‌లో మైకేల్ డేవిస్, డెన్మార్క్‌లో ఎర్లింగ్ ఫాక్ చనిపోయినవారి గుండె ధమనులను పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద పరిశీలించారు. పూడిక పైపొర చిట్లి, లోపలి జిడ్డు రక్తానికి తగిలి, అక్కడ గడ్డ కట్టిన ఆనవాళ్లు కనిపించాయి. ఇంకొక విడ్డూరం: గుండెపోటుకు కొంతకాలం ముందు ఏదో కారణంగా యాంజియోగ్రాం తీయించుకున్నవారి పాత చిత్రాలను తిరిగి చూస్తే, తర్వాత గుండెపోటు తెచ్చిన చోట ఆనాడు దారి సగానికి కన్నా తక్కువే మూసుకొని ఉన్నది. అలాంటి పరిశీలనలను 1995లో ఒకచోట చేర్చినపుడు మూడింట రెండు వంతుల మందిలో ఇదే పరిస్థితి. డెబ్బై శాతానికి పైగా మూసుకొన్న పూడికల వాటా 14 శాతం మాత్రమే. పోటుకు ముందు వారాల్లో పూడిక వేగంగా పెరుగుతుందని తర్వాతి పరిశోధకులు సవరణ చెప్పారు, అది కూడా న్యాయమే. అయినా అసలు మాట నిలిచింది: పూడిక ఎంత పెద్దది అన్నదొకటే కాదు, ఎలాంటిది అన్నది కూడా ప్రాణం తీసే ప్రశ్నే.

ఎలాంటిదంటే, సెగ్గడ్డను తలచుకోండి. పైన మందమైన చర్మం ఉన్న గడ్డ నొప్పి పెడుతుంది గానీ పగలదు. పండి, పైచర్మం పల్చబడి, లోపల చీము కదులుతున్న గడ్డ చొక్కా తగిలినా చిట్లుతుంది. ప్రమాదకరమైన పూడిక రెండో రకం. లోపల చచ్చిన కణాలు, కొలెస్టరాల్ స్ఫటికాలు కలిసిన మెత్తని ముద్ద. దాని మీద పీచు పదార్థపు పలుచని కప్పు. ఆ కప్పును కొరుకుతున్న తెల్లకణాలు. చిట్లిన పూడికలను కొలిచిన రేణు వీర్మాణి బృందం 1997లో ఆ కప్పు మందం 65 మైక్రాన్లకు లోపు ఉంటుందని లెక్కగట్టింది. సుమారు ఒక తలవెంట్రుక మందమన్నమాట. మన దేశంలో పుట్టి అమెరికాలో పేరు తెచ్చుకున్న ఈ రోగనిర్ధారణ శాస్త్రవేత్తే ఇంకొకటి కూడా స్థాపించింది: అన్ని గుండెపోట్లూ చిట్లడం వల్ల రావు. కొన్ని పూడికల మీద లోపలి పొర చెక్కుకుపోయినట్టయి గడ్డ కడుతుంది. ఇది వయసు తక్కువ ఉన్న స్త్రీలలో, పొగతాగేవారిలో తరచుగా కనబడుతుంది. సున్నం పట్టిన పూడికలది మరొక దారి. పూడికలో సున్నం ఉన్నదంటే వ్యాధి చాలాకాలంగా ఉన్నదని అర్థం. గట్టిగా, దట్టంగా సున్నం పట్టిన పూడిక చాలావరకు నిలకడైనది. చుక్కలు చుక్కలుగా పట్టినదే ఎక్కువ అనుమానించదగినది.

ఇంతకూ ఇవన్నీ రక్తంలో తెలుస్తాయా?

1948 ఆగస్టులో సుబ్బారావు గారు న్యూయార్క్‌లో గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. ఆ తర్వాత కొన్ని వారాలకే, ఆయన పద్దెనిమిదేళ్లు పనిచేసిన మసాచుసెట్స్ రాష్ట్రంలోనే, ఫ్రామింగ్‌హామ్ అనే చిన్న పట్టణంలో ఐదువేల మందికి పైగా స్త్రీపురుషులను ఏళ్ల తరబడి వెంబడించి గుండెజబ్బు ఎవరికి వస్తున్నదో చూసే అధ్యయనం మొదలైంది. రక్తంలో కొలెస్టరాల్, రక్తపోటు, పొగ, వీటిని ‘ప్రమాద కారకాలు’ అని పేరుపెట్టి ప్రపంచానికి నేర్పినది అదే. 2004లో 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ఫలితాలు వచ్చినపుడు మన దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు వచ్చే వయసు మధ్యస్థంగా 53 అనీ, ఇతరులకు దాదాపు 59 అనీ తేలింది. ఒక వ్యక్తి మరణాన్ని ఒక గణాంకంతో ముడివేయడం శాస్త్రం కాదని నాకు తెలుసు. అయినా ఆ రెండు 53లను పక్కపక్కన చూసినపుడల్లా మనసు కలుక్కుమంటుంది.

మనవారి రక్తంలో ఉన్న తేడా ఏమిటి? ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్టరాల్, పాశ్చాత్యుల కన్నా మనకు మరీ ఎక్కువేమీ ఉండదు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ, నడుము చుట్టూ కొవ్వు, దాని వెంట చక్కెర. ఇలాంటివారిలో ఎల్‌డీఎల్ అంకె మోసం చేస్తుంది. ప్రొద్దుటూరు సంతకు వచ్చే బండ్లను ఉదాహరణగా తీసుకోండి. ఎన్ని బస్తాలు వచ్చాయని లెక్కపెట్టడం ఒకటి, ఎన్ని బండ్లు వచ్చాయని లెక్కపెట్టడం ఇంకొకటి. ఎల్‌డీఎల్ అంకె బస్తాల లెక్క. కానీ ధమని గోడలోకి దూరి ఇరుక్కొనేది బండి. చిన్న చిన్న బండ్లలో కొద్ది కొద్దిగా సరుకు వేసుకొని వస్తే బస్తాల లెక్క మామూలుగానే ఉంటుంది, దారి మాత్రం నిండిపోతుంది. ఒక్కో బండికి ఒకే ఒక ‘అపోలైపోప్రోటీన్ బి’ ఉంటుంది కనుక దానిని కొలిస్తే బండ్ల లెక్క తెలుస్తుంది. ఇంటర్‌హార్ట్‌లో అన్ని రక్తసూచికల్లోకీ బలంగా నిలిచినది కూడా అపో-బీకి, మేలు చేసే అపో-ఏ1కి ఉన్న నిష్పత్తే. చక్కెరజబ్బు ఉన్నవారు, ట్రైగ్లిజరైడ్లు పెరిగినవారు ఈ పరీక్ష గురించి తమ వైద్యుణ్ణి అడగడం సబబు. అది లేకపోతే మొత్తం కొలెస్టరాల్‌లో నుండి హెచ్‌డీఎల్‌ను తీసివేయండి. మిగిలిన అంకె ఖర్చు లేకుండా చాలావరకు అదే పని చేస్తుంది.

రెండోది లైపోప్రోటీన్ (ఏ). నార్వే శాస్త్రవేత్త కోరె బెర్గ్ 1963లో కనుగొన్నది. పుట్టుకతో వచ్చేది, తిండి మార్చినా, నడిచినా పెద్దగా మారదు. మన ప్రాంతంవారిలో ఇంచుమించు నాలుగో వంతు మందికి ఇది 50 మిల్లీగ్రాముల పైన ఉంటుంది. పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. “మా ఇంట్లో మగవాళ్లందరూ నలభై దాటగానే పోతారు సార్, అది మా వంశంలో శాపం” అని చెప్పేవారిని ఈ చుట్టుపక్కల పల్లెల్లో చూశాను. అలాంటి ఇళ్లలో దీనిని తప్పక చూడాలి. అంకె ఎక్కువ వస్తే దిగులుపడి కూర్చోవడానికి కాదు; మార్చగలిగిన మిగతా కారకాలను మరింత గట్టిగా అదుపులో పెట్టుకోవడానికి, అన్నదమ్ములకు, పిల్లలకు కూడా ఆ పరీక్ష చేయించడానికి.

ఇక సుబ్బారావు గారు రెండోసారి ఎదురయ్యే చోటు. 1940లో హార్వర్డ్ విడిచి లెడర్లీ ప్రయోగశాలలో చేరిన తర్వాత ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తోబుట్టువును తీసుకుపోయిన స్ప్రూకు మందు వెదకడం ఆయన మనసులో చిరకాలంగా ఉన్న పట్టుదల. ఆ మాత్ర స్ప్రూకే కాక గర్భిణుల రక్తహీనతకు కూడా అక్కరకు వచ్చింది. 1969లో హార్వర్డ్‌లోనే పనిచేస్తున్న కిల్మర్ మెక్‌కల్లీ అనే వైద్యుడు, రక్తంలో హోమోసిస్టీన్ విపరీతంగా ఉండే అరుదైన పుట్టువ్యాధితో చనిపోయిన పిల్లల ధమనులు ముసలివారి ధమనుల్లా పాడై ఉండటం చూసి, పెద్దల పూడికలకు కూడా హోమోసిస్టీనే కారణమేమోనన్నాడు. హోమోసిస్టీన్‌ను తగ్గించేది ఫోలిక్ ఆమ్లం, బీ12. ఎంత చౌకైన వైద్యం! కొన్ని పైసల మాత్రతో గుండెపోటును ఆపవచ్చునేమోనని ప్రపంచమంతా ఆశపడింది. 2006లో నార్వేలో 3,749 మందితోనూ, హోప్-2 పేరుతో 5,522 మందితోనూ జరిగిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చాయి. మాత్రలు వేసుకున్నవారి రక్తంలో హోమోసిస్టీన్ చక్కగా తగ్గింది. గుండెపోట్లు తగ్గలేదు.

వైద్యచరిత్రలో దీనికన్నా విలువైన పాఠం తక్కువ. పొగ కనిపిస్తున్నదని పొగను విసనకర్రతో విసిరితే మంట ఆరదు. రక్తంలోని ఒక సూచిక వ్యాధితో పాటు పెరిగినంత మాత్రాన అదే వ్యాధికి కారణం కానక్కరలేదు. అయినా ఇప్పటికీ హోమోసిస్టీన్ అనేక ప్యాకేజీల్లో ఒక వరుసగా కూర్చొని ఉన్నది. మన శాకాహారుల్లో అది పెరిగి ఉంటే చాలాసార్లు అర్థం బీ12 కొరత. దానికి బీ12 ఇవ్వాలి, నరాల కోసం, రక్తం కోసం. గుండెపోటు భయం చూపి ఆ అంకెను అమ్మడం నాకు నచ్చదు.

మూడో చోటు మరింత చిత్రమైనది. సీఆర్‌పీ అనే మాంసకృత్తిని 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో కనుగొన్నారు. ఒంట్లో ఎక్కడ మంట, వాపు ఉన్నా అది పెరుగుతుంది. 1997లో పాల్ రిడ్కర్ బృందం, ఆరోగ్యంగా ఉన్నారనుకున్న అమెరికన్ వైద్యుల్లో కూడా సీఆర్‌పీ కొద్దిగా పెరిగి ఉన్నవారికి తర్వాతి ఏళ్లలో గుండెపోట్లు ఎక్కువగా వచ్చాయని చూపింది. పూడిక కప్పును కొరికే తెల్లకణాల మాట పైన చెప్పాను కదా, ఆ మంట జాడ రక్తంలో దొరికినట్టయింది. మంటను చల్లారిస్తే పూడిక చిట్లదా? 2017లో పదివేల మందికి పైగా రోగులతో జరిగిన కాంటోస్ పరీక్షలో కనాకినుమాబ్ అనే ఖరీదైన ఇంజెక్షన్ కొలెస్టరాల్‌ను తగ్గించకుండానే గుండె ప్రమాదాలను సుమారు 15 శాతం తగ్గించింది. ప్రాణాంతక అంటువ్యాధులు మాత్రం కొంత పెరిగాయి. మరి చౌకైన మందేదైనా? ఎంచుకున్నది మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి మన ఆస్పత్రుల్లో వారానికొకసారి ఇచ్చే పసుపుపచ్చ మాత్ర. అది పుట్టినది లెడర్లీలోనే, ఫోలిక్ ఆమ్లానికి విరుగుడుగా సుబ్బారావు గారి బృందం తయారుచేసిన మందుల కుటుంబంలో. అదే కుటుంబంలోని అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తకేన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి తిప్పిన ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి, సుబ్బారావు గారి మరణానికి రెండు నెలల ముందు.

ఆయన పోయిన డెబ్బై ఏళ్లకు, 2018లో, ఆ మందు ఆయనను బలిగొన్న జబ్బు మీద పరీక్షకు నిలిచింది. గుండెపోటు వచ్చిన, లేదా పలు ధమనుల్లో పూడికలున్న 4,786 మందికి మెథోట్రెక్సేట్ గానీ ఉత్తమాత్ర గానీ ఇచ్చి చూశారు. సీఆర్‌పీ తగ్గలేదు. గుండెపోట్లూ తగ్గలేదు. మంటలన్నీ ఒకే మంట కావనీ, కీళ్లలోని మంటను ఆర్పే నీళ్లు ధమనికి చేరవనీ అర్థమైంది. తర్వాత గౌట్ నొప్పికి వాడే పాత మందు కొల్చిసిన్ చిన్న మోతాదులో కొన్ని పరీక్షల్లో మేలు చేసింది, ఒక పెద్ద పరీక్షలో చేయలేదు. ఆ వాదన ఇంకా నడుస్తున్నది. మీరు మాత్రం ఇది గుర్తుంచుకోండి: జలుబు, పంటి చిగురు వాపు, మోకాలి నొప్పి ఉన్న వారంలో చేయించుకున్న సీఆర్‌పీ గుండె గురించి ఏమీ చెప్పదు. చేయించుకోవలసివస్తే అది ‘హై సెన్సిటివిటీ’ రకమై ఉండాలి, ఒంట్లో బాగున్న రోజుల్లో, రెండు వారాల ఎడంతో రెండుసార్లు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పవచ్చు. రక్తం ఒళ్లంతా తిరిగే నది. నది నీళ్లను పరీక్షిస్తే ఆ పరీవాహకంలో ఎంత మట్టి కొట్టుకుపోతున్నదో తెలుస్తుంది. గండికోట దగ్గర ఏ బండ ఎప్పుడు జారుతుందో తెలియదు. అపో-బీ, లైపోప్రోటీన్ (ఏ), చక్కెర, ఇవి పూడిక కట్టే సామగ్రి ఎంత ఉన్నదో చెబుతాయి. సీఆర్‌పీ మంట ఉన్నదని చెబుతుంది, ఎక్కడో చెప్పదు. ట్రోపోనిన్ నష్టం జరిగిందని చెబుతుంది. కప్పు మందం, లోపలి మెత్తని ముద్ద పరిమాణం, చుక్కల సున్నం, ఇవి చూడాలంటే బొమ్మ తీయాలి. సీటీ యాంజియోగ్రాంలో మెత్తని పూడికలు నల్లని నీడలుగా కనిపిస్తాయి. ధమని లోపలికి సన్నని తీగ పంపి కాంతితో తీసే ఓసీటీ చిత్రంలో ఆ 65 మైక్రాన్ల కప్పును కూడా కొలవవచ్చు. ఆ బొమ్మ కూడా జాతకం కాదు. 2011లో వెలువడిన ప్రాస్పెక్ట్ అధ్యయనంలో చెడ్డ లక్షణాలు మూడూ ఉన్న పూడికల్లో సైతం మూడేళ్లలో ఇబ్బంది తెచ్చినవి 18 శాతమే. కాబట్టి నొప్పి లేకపోయినా ఊరికే యాంజియోగ్రాం తీయించుకోవాలనే మోజు పనికిరాదు. కొసమెరుపు ఏమిటంటే, స్టాటిన్ మందులతో ఎల్‌డీఎల్ బాగా తగ్గినవారిలో కప్పు మందమెక్కి, ముద్ద కుంచించుకొని, సున్నం గట్టిపడుతుంది. పూడిక పూర్తిగా పోదు, కానీ సెగ్గడ్డ మచ్చగా మారుతుంది. స్టాటిన్ వాడుతున్న మనిషికి కాల్షియం స్కోరు పెరిగిందని భయపడి మందు మానేసినవారు ఉన్నారు కనుక ఈ మాట నొక్కి చెబుతున్నాను.

ఇదంతా నగరాల జబ్బు, మనకేమిటి అనుకునేవారికి సుబ్బారావు గారి సొంత గడ్డ నుండే జవాబు వచ్చింది. 2003-04లో ఉభయగోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు లక్షా ఎనభై వేల జనాభాలో, ఒక ఏడాదిలో సంభవించిన 1,354 మరణాలకు ఇంటింటికీ వెళ్లి కారణాలు విచారించారు. గుండె, రక్తనాళాల జబ్బులు 32 శాతం. అంటువ్యాధులు 12 శాతం. నా తరం వైద్యులు కలరా, మలేరియా, క్షయలతో పోరాడటానికి తర్ఫీదు పొంది సర్కారు కొలువులో చేరారు. మేం ఆ వైపు చూస్తుండగా ఈ వైపు నుండి ఇది ఊళ్లోకి వచ్చి కూర్చున్నది. మా ముద్దనూరు చుట్టుపక్కల కూడా 1994లో థర్మల్ కేంద్రం నడక మొదలైన తర్వాత, సిమెంటు కర్మాగారాలు పెరిగిన తర్వాత, పొలంలో వంగి లేచే పని తగ్గి కూర్చొని చేసే పని, రాత్రి షిఫ్టు, లారీ స్టీరింగు, బీడీ, హోటలు తిండి పెరిగాయి. రాగిసంగటి మానేశారని బాధపడను. మూడుపూటలా వరన్నం తిని నడవడం మానేశారని బాధ.

ఇక్కడి నుండి కడపకు గంటకు పైగా ప్రయాణం. గుండెపోటులో రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్‌ను దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రిలోనే ఉచితంగా ఇచ్చే ఏర్పాటు మన రాష్ట్రంలో 2023 నుండి మొదలైంది. ఈసీజీ తీసి, పెద్ద ఆస్పత్రిలోని గుండె నిపుణునికి పంపి, ఆయన చెప్పగానే ఇంజెక్షన్ ఇస్తారు. ఎదలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు పట్టినపుడు సోడా తాగి పడుకోకుండా 108కు ఫోన్ చేసి ఆ ఆస్పత్రికి చేరడం ముఖ్యం.

చేరిన తర్వాత కూడా ఒక మెలిక ఉన్నది. కొన్నేళ్ల కిందట నలభై ఆరేళ్ల లారీ డ్రైవరొకడు తెల్లవారుజామున ఎదలో పట్టేసినట్టుందని ఒక ఆస్పత్రికి వెళ్లాడు. నొప్పి మొదలై అప్పటికి ముప్పావు గంట. ఈసీజీలో పెద్ద తేడా లేదు. ట్రోపోనిన్ ‘నెగెటివ్’ అని కాగితం ఇచ్చి, గ్యాస్ అని చెప్పి పంపేశారు. ఆ కాగితం జేబులో పెట్టుకొని నిశ్చింతగా లారీ ఎక్కబోతుంటే అతని భార్య నా దగ్గరకు లాక్కొచ్చింది. కండరం దెబ్బతిన్న తర్వాత ట్రోపోనిన్ రక్తంలో కొలవదగినంతగా చేరడానికి రెండు మూడు గంటలు పడుతుంది. నొప్పి మొదలైన తొలి గంటలో తీసిన రక్తం అబద్ధం చెప్పదు, ఇంకా వార్త అందలేదని మాత్రమే చెబుతుంది. మూడు గంటల తర్వాత మళ్లీ పరీక్ష చేయించమని, ఈసీజీ మళ్లీ తీయించమని రాసిచ్చి జిల్లా కేంద్రానికి పంపాను. రెండో ట్రోపోనిన్ మొదటిదానికి ఎన్నోరెట్లు వచ్చింది. యాంజియోగ్రాంలో చిట్లిన పూడిక దొరికింది. దానికి పక్కనే ఉన్న ధమనిలో మరొకటి, సగం కూడా మూసుకోనిది, ఉన్నదని నివేదికలో రాశారు. అంతకుముందు ఏడాది లైసెన్సు కోసం చేయించుకున్న రక్తపరీక్షలో అతని ఎల్‌డీఎల్ 118. ఆ కాగితం మీద ‘నార్మల్’ అని ఉన్నది.